పడమటి కర్నూలు మండలమున మిద్దెలమీది టెలివిజను యాంటెన్నాలు

దేశచరిత్రకు శిలాశాసనములు, తామ్రపత్రములు, నాణెములు, కైఫీయతులు సాధనములని పండితులెల్లరు నెఱుగుదురు. జనులు నిత్యవ్యవహారమున వాడి విడిచిన పనిముట్లును అట్టి సాధనములే యగునన్న సంగతి మాత్ర మంతగా గమనింపబడుట లేదు. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతమున ఇండ్లమీద ఒకప్పుడు నిలిచిన యినుప గొట్టములును, వాని కొనల నమర్చిన అల్యూమినియపు కడ్డీలును ఈ జాతిలోనివి. ఆకాశమున వచ్చు టెలివిజను ప్రసారమును నెలసరి రుసుము లేకయే యింటికి దింపిన సాధనమిది. కడ్డీ యెంత పొడవు గలది, అది యే దిక్కునకు దిరిగియున్నది అను రెండు విషయములు తెలిసినచో, ఆ యింటివారు ఏ ప్రసారిణిని, ఏ భాషను గోరిరో చాలవఱకు నిర్ణయింపవచ్చును. శాసనమునకు లిపి యెట్టిదో దీనికి కొలతయు దిక్కును అట్టివి. ఈ లిపిని జదువు విధానమును, ఈ ప్రాంతమునకు దానివలన గలుగు ప్రయోజనమును ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

దేశస్థితి

ఆదవానియే నేటి ఆదోని. 1688లో బిజాపురపు సేనాని సిద్ది మసూదుఖానుని చేతినుండి మొగలాయీల వశమైన దుర్గముగా నిది చరిత్రకారులకు సుపరిచితము. 1871లో మద్రాసు, బొంబాయి రైలుమార్గములు రాయచూరునొద్ద గలిసిన పిమ్మట ఈ పట్టణము ప్రత్తివ్యాపారమునకు గొప్ప విపణి యయ్యెను. దీనికి ఈశాన్యమున నేరుగా కొలిచినచో ఇంచుమించు 26 కిలోమీటర్ల దూరమున ఎమ్మిగనూరు గలదు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేతవారి సహకారసంఘమువలన ఈ యూరిపేరు దూరదేశములకు బ్రాకినది.

ఈ రెండు పట్టణములును 1953 సెప్టెంబరు కడపటి దినమువఱకు బళ్లారి మండలమున జేరియుండెను. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆదవాని, ఆలూరు తాలూకాలు కర్నూలు మండలమునను, రాయదుర్గము తాలూకా అనంతపురము మండలమునను గలుపబడెను. పాలనమునకు గీత గీయబడినను వ్యవహారమునకు గీత లేకపోయెను. ఇచ్చటి సంతలలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. ఒకే కుటుంబమున ఆడుబిడ్డ బళ్లారి వైపునను, అన్నదమ్ములు ఆదవానిలోను ఉండుట సామాన్యము. ఇట్టి సరిహద్దు సీమలో యాంటెన్నా దిక్కునకు గలిగిన ప్రాముఖ్యము, రాష్ట్రమధ్యమున నున్న ఊళ్లలో గలుగదు.

దూరములు ఇందుకు ప్రధానమైనవి. ఆదవానినుండి నేరుగా కొలిచినచో తూర్పున కర్నూలు ఇంచుమించు 84 కిలోమీటర్లు. నైరృతిన బళ్లారి 66. ఉత్తరమున రాయచూరు 63. ఈశాన్యమున హైదరాబాదు 233. ఎమ్మిగనూరునుండి కర్నూలు 60 కిలోమీటర్లు మాత్రమే. అనగా తన మండలపు ముఖ్యపట్టణముకంటె పొరుగు రాష్ట్రపు మండలపట్టణములు రెండును ఆదవానికి దగ్గఱ. ఎమ్మిగనూరున కట్లుగాదు. ఈ భేదము ముందు విచారమునకు మూలమగుచున్నది.

ప్రసారము వచ్చిన క్రమము

భారతదేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా నారంభమయ్యెను. 1972లో బొంబాయికిని, 1975లో మద్రాసుకును వచ్చెను. ఈ నగరములు మనసీమకు మిక్కిలి దూరము. తుంగభద్రా పరిసరమునకు టెలివిజను మొదట నగరపు గోపురమునుండి గాక ఆకాశమునుండియే దిగినది. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు అమెరికావారి ఏ.టి.యస్.–6 ఉపగ్రహమును ఎరవు దెచ్చుకొని, ఆఱు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు విద్యాకార్యక్రమములు ప్రసారము చేయబడెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములు ఆ యాఱింటిలోనివి. కర్ణాటకమున రాయచూరు, గుల్బర్గా, బిజాపుర మండలము లెన్నుకొనబడెను. రాయచూరు మండలము మంత్రాలయమునకు ఎదురుగా తుంగభద్ర యావలి యొడ్డుననే యున్నది. ఆ గ్రామములలో నెలకొల్పిన యాంటెన్నాలు కోళ్లగూటికి వాడు తీగవలను బోలిన వలతో జేసిన మూడు మీటర్ల వెడల్పుగల పళ్లెములు. ఆ యుపగ్రహము 35 డిగ్రీల తూర్పు రేఖాంశమున, ఆఫ్రికా ఖండమునకు పైగా నుండుటచే ఇచ్చటి పళ్లెములన్నియు పడమటి యాకాశమును జూచుచుండెను. ఒకే చిత్రమునకు రెండు భాషల మాటలను జోడింప వీలుండుట దాని విశేషము.

ఆ ప్రయోగము ముగిసిన పిమ్మట భూమిమీది ప్రసారిణులు వచ్చినవి. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణినుండి విడివడెను. 1977లో హైదరాబాదునను, గుల్బర్గాయందును కేంద్రములు వెలసెను. 1981లో బెంగుళూరు కేంద్రము వచ్చెను. 1982 ఆగస్టు 15న వర్ణచిత్ర ప్రసారమును, దేశమంతట నొకేసారి కనబడు జాతీయ కార్యక్రమమును ప్రారంభమయ్యెను. 1983లో ఇన్సాట్–1బి ఉపగ్రహము గగనమున స్థిరపడగా, ఢిల్లీ కార్యక్రమమును ఉపగ్రహమునుండి గ్రహించి చుట్టుపట్లకు మఱల ప్రసారముచేయు 100 వాట్ల అల్పశక్తి ప్రసారిణులు చిన్నపట్టణములలో నెలకొల్పబడెను. 1984లో దినమున కొకటి చొప్పున ఇవి స్థాపింపబడిన మాసములును గలవు. అయితే ఈ చిన్న ప్రసారిణులు మొదట ఢిల్లీ కార్యక్రమమునే యందించెను గాని ప్రాంతీయ కార్యక్రమములను గాదు. తెలుగు కావలసినవాడు తెలుగు నందించు పెద్ద ప్రసారిణివైపు తన కడ్డీలను ద్రిప్పి, గొట్టమును మఱింత యెత్తు చేయవలసి వచ్చెను. మిద్దెలమీది గొట్టముల యెత్తులో భేదమునకు ధనము, గర్వము మాత్రమే గాక ఇట్టి భాషాకాంక్షయు కారణమగునని గ్రహింపదగును.

కడ్డీల పుట్టుక

ఈ దేశమున ఇండ్లపై మిక్కిలిగా నిలిచిన యాంటెన్నా జపానుదేశమున బుట్టినది. 1926లో సెండై నగరమందలి తొహోకు విశ్వవిద్యాలయమున షింతారో ఉడా అను పండితుడు హిడెట్సుగు యాగి యాచార్యునితో గూడి దీనిని నిర్మించెను. 1928లో యాగి ఆంగ్లభాషలో దీనిని వివరించుటచే పాశ్చాత్యులలో యాగిపేరు మాత్రమే నిలిచి, శ్రమపడిన ఉడాపేరు చాలకాలము మఱుగున బడెను. స్వదేశమునను దీని కాదరము లేకపోయెను. 1942లో సింగపూరు జపానువారి వశమైనపుడు ఆంగ్లేయుల కాగితములలో ‘యాగి’ అను మాట పలుమాఱు గానవచ్చెను. దాని యర్థ మెఱుగక జపానువా రొక బందీ నడుగగా, అది యాంటెన్నాను గనిపెట్టిన వారిదేశీయుని పేరేయని యతడు చెప్పవలసి వచ్చెనట.

దీని నిర్మాణము సులభము. ఒక నిలువుపట్టెకు అడ్డముగా కడ్డీలు వరుసగా బిగింపబడును. వానిలో రెండుగా మడిచిన కడ్డీ ప్రధానము. తీగ దీనికే కలుపబడును. దీని వెనుక దీనికంటె కొంచెము పొడవైన కడ్డీ యొకటి యుండును. అది తరంగమును ముందునకు ద్రోయును. ముందు వరుసలోని కడ్డీలు క్రమముగా పొట్టివై, తరంగమును ప్రధానపు కడ్డీకి జేర్చును. కనుక పొట్టికడ్డీ లున్న కొన యెటు జూచునో ప్రసారిణి యటు గలదని యెఱుంగవలెను. దిక్కును జదువుట కిదియే సూత్రము. ఎక్కువ కడ్డీలు గలది దూరపు ప్రసారమును గోరినదనియు, రెండుమూడు కడ్డీలు మాత్రమే గలది దగ్గఱిదానితో తృప్తి నొందినదనియు సామాన్యముగా నూహింపవచ్చును.

కడ్డీ పొడవును జదువుట కింకొక సూత్రము గలదు. 300ను మెగాహెర్ట్జుల సంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము మీటర్లలో వచ్చును. అందులో సగము కంటె నూటికి అయిదు పాళ్లు తక్కువగా ప్రధానపు కడ్డీ యుండును. దూరదర్శన్ మొదటి పట్టీలో 47 మొదలు 68 మెగాహెర్ట్జుల వఱకును, మూడవ పట్టీలో 174 మొదలు 230 వఱకును ప్రసారములు చేసినది. మొదటి పట్టీలోని నాలుగవ మార్గమునకు కడ్డీ 2.3 మీటర్లు కావలెను. మూడవ పట్టీలోని వానికి 63 మొదలు 81 సెంటీమీటర్లు చాలును. కావున బారెడు దాటి మంచమువలె పఱచుకొన్న యాంటెన్నా మొదటి పట్టీలోనిదనియు, మూరెడున్నర కడ్డీలు గలది మూడవ పట్టీలోనిదనియు మిద్దె నెక్కకయే వీధినుండి నిర్ణయింపవచ్చును.

గోపురము, కొండ, ఛాయ

ఈ తరంగములు కంటిచూపువలె నించుమించు తిన్నగా బోవును. భూగోళపు వంపు వాని నడ్డగించును. ప్రసారిణీ గోపురపు టెత్తునకును, యాంటెన్నా యెత్తునకును మీటర్లలో వర్గమూలములు గట్టి, వానిని గూడి, 4.12చే గుణించినచో తరంగమునకు సహజమైన పరిమితి కిలోమీటర్లలో వచ్చును. గోపురము 150 మీటర్లు, యాంటెన్నా 10 మీటర్లు అయినపుడు 63 కిలోమీటర్లు లభించును. గోపురము 30 మీటర్లే యైనచో 36 కిలోమీటర్లు మాత్రమే. 100 వాట్ల బలహీనతచే నదియు నంతవఱకు అందదు.

ఈ లెక్కనుబట్టి చూడగా ఎమ్మిగనూరు కర్నూలునుండి 60 కిలోమీటర్ల దూరమున నుండుట గమనింపదగినది. కర్నూలున ఎత్తైన గోపురము నిలిచినచో ఎమ్మిగనూరివారు పొడవైన గొట్టముతో దాని నందుకొనవచ్చును. 84 కిలోమీటర్ల దూరముననున్న ఆదవానివారి కది సాధ్యము గాదు. వారికి బళ్లారియు రాయచూరును దగ్గఱ. కాబట్టి 1953లో రెండు పట్టణములును ఒక్క మండలమునకే వచ్చినను, భూగోళశాస్త్రము ఒకదానిని తూర్పునకును, వేఱొకదానిని పడమటికిని, ఉత్తరమునకును లాగుచుండెను. హైదరాబాదు గోపురమును నేరుగా నందుకొనుట రెండింటికిని దుర్లభము. ఎండకాలపు వేకువలయందు వాయువుపొరల తారతమ్యముచే దూరపు ప్రసారము క్షణకాలము గనబడి మఱుగగుట కలదు. అది నమ్మదగినది గాదు.

కొండ యున్న ఊరికి ప్రసారము సులభమని సామాన్యు లనుకొందురు. ఇది సగము మాత్రమే నిజము. ఆదవాని దుర్గమున బారాకిల్లా, తాలిబండ అను శిఖరములు మైదానముకంటె 800 అడుగుల యెత్తు గలవి. ఆ శిఖరమునుండి తరంగమునకు దిగంతము 64 కిలోమీటర్ల దూరమున నుండును. కాని కొండ క్రింద, ప్రసారిణికి వ్యతిరేకదిశయందున్న యిండ్లకు అదే కొండ గోడయగును. అంతేగాక బండలు తరంగమును ప్రతిఫలింపజేయును. నేరుగా వచ్చిన తరంగముకంటె కొండను దాకి వచ్చినది 300 మీటర్లు అధికముగా బ్రయాణించినచో, సెకండులో పదిలక్షవ వంతు ఆలస్యమగును. తెఱపై ఒక గీత గీయుటకు బట్టుకాలము 52 అట్టి వంతులు. తెఱ వెడల్పు 40 సెంటీమీటర్లైనచో అసలు బొమ్మకు కుడివైపున ముప్పాతిక సెంటీమీటరు దూరమున నీడబొమ్మ యొకటి కనబడును. కొన్ని యాంటెన్నాలు ప్రసారిణివైపు సరిగా జూడక కొంచెము ప్రక్కకు దిరిగియుండుటకు కారణ మిదియే. అది బిగించినవాని యజ్ఞానము గాదు; కొండనుండి వచ్చు ఛాయను తప్పించుటకై చేసిన యుపాయము. దిక్కును జదువు పరిశోధకు డీ సంగతిని మఱువరాదు.

మిద్దెయు గొట్టమును

ఈ సీమలోని పాతయిండ్లు మట్టిమిద్దెలు. దూలములమీద దంతెలు పఱచి, పైని చవుడు గొట్టి చేసిన యా మిద్దెలో గొట్టమునకు గుంట త్రవ్వినచో వాననీ రింటిలోనికి దిగును. అందుచే గొట్టమును మిద్దెపై పాతక, గోడకు పట్టీలతో బిగించుటో, పిట్టగోడ కానించి కట్టుటో మేలు. సిమెంటు డాబాలు వచ్చిన పిమ్మట ఈ చిక్కు తీరెను. ఆషాఢమాసపు పడమటిగాలి గొట్టమును ద్రిప్పివేయకుండ మూడువైపుల తీగలు లాగి కట్టవలెను. పిడుగు భయముచే గొట్టమునుండి లావైన తీగను నేలలోనికి దింపుట మంచిది. యాంటెన్నానుండి దిగు తీగ మొదట రెండుపేటల చదునుపట్టీ. పిమ్మట గుండ్రని తీగ వాడుకలోనికి వచ్చెను. మొదటిది 300 ఓములు, రెండవది 75 ఓములు గలది యగుటచే నడుమ చిన్నపెట్టె యొకటి కావలసి వచ్చెను.

బిగించుటకు ఇద్దఱు మనుష్యులు కావలెను. ఒకడు మిద్దెపై గొట్టమును మెల్లగా ద్రిప్పుచుండ, వేఱొకడు తెఱముందు గూర్చుండి తెల్లని చుక్కలు తగ్గినవో లేదో చెప్పవలెను. “వచ్చెనప్పా, అట్లే పట్టుకో” యను కేక వినబడువఱకు పైవాడు దిగరాదు. కేకకు చాలని దూరమైనచో నడుమ మెట్లమీద నొక పిల్లవాడు నిలిచి మాట నందించును. శాస్త్రజ్ఞులు కొలతయంత్రముతో జేయు పనిని జనులు ఇట్లు కంటితోను, గొంతుతోను సాధించిరి.

రుసుమును, ఉచితమును

ఈ ప్రసార ముచితమనుటలో నొక సవరణ గావలెను. 1933వ సంవత్సరపు నిస్తంత్రీ చట్టము ననుసరించి గ్రాహకయంత్రమును గలిగియుండుటకే అనుమతిపత్రము కావలసియుండెను. దానిని తపాలా కచేరీలో రుసుము చెల్లించి పొందవలెను. 1980 దశకము నడుమ ఈ రుసుము రద్దయ్యెను. అప్పటినుండి యాంటెన్నా నిజముగా నుచితసాధన మయ్యెను. ఒకమాఱు గొట్టమునకును, కడ్డీలకును, తీగకును వ్యయము చేసినవాడు మఱల నెవ్వరికిని బాకీపడడు.

1987 జనవరిలో రామాయణమును, 1988 అక్టోబరులో మహాభారతమును హిందీలో ఆదివారపు టుదయముల ప్రసారమగుట ఆరంభమైనది. యంత్రము గలిగిన యిల్లు ఆ గంటసేపు వీధికెల్ల వసారా యగుట దేశమంతట జరిగిన విషయము. హరికథలు, తోలుబొమ్మలాటలు, వీధిభాగవతములు చూచి కథ నెఱిగియున్న ప్రజలకు భాష తెలియకపోయినను కథ తెలియుచుండెను. తెలుగు కార్యక్రమముల కొఱకు మఱింత యెత్తైన గొట్టము వెదకినవారే ఈ హిందీ ప్రసారము నాదరించుట ఆ కథల బలమునకు నిదర్శనము.

అస్తమయము

1990 దశకమున తీగద్వారా వచ్చు ప్రసారములు వ్యాపించెను. 1995లో తెలుగున ఈటీవీ, జెమిని మొదలగు ప్రైవేటు ప్రసారము లారంభమయ్యెను. తెలుగు బొమ్మకై గొట్టమును ద్రిప్పవలసిన పని తీరినది. దానికి ప్రతిగా నెలనెల రుసుము వచ్చి చేరినది. 2004 డిసెంబరులో ప్రసారభారతి చిన్నపళ్లెముతో గ్రహింపదగిన ఉచిత ఉపగ్రహ ప్రసారము నారంభించెను. నేడు డీడీ ఫ్రీడిష్ అను పేర నది కొనసాగుచున్నది. 2016 ఫిబ్రవరిలో 16 నగరములకు అంకాత్మక భూప్రసారము వచ్చినను, ఆదవాని వంటి పట్టణముల కది చేరలేదు. 2021 అక్టోబరు మొదలు 2022 మార్చి వఱకు విడతలుగా ప్రసారభారతి పాతవిధానపు భూప్రసారిణులను, ముఖ్యస్థానములందలి సుమారు 50 దప్ప, మూసివేసెను. అంతటితో మిద్దెలమీది కడ్డీలు మూగవోయినవి.

ఉచితపళ్లెము గలదు గదా, కడ్డీలు పోయిన నష్టమేమని కొందఱందురు. ఇందు సత్యము లేకపోలేదు. పళ్లెమువలన బొమ్మ నిర్మలముగా వచ్చును, కొండఛాయ లేదు, గోపురపు దూరముతో బనిలేదు. బీదయింటికి తెలుగు కార్యక్రమము నేడు సులభముగా నందుచున్నది. చరిత్రదృష్టితో జూచినపుడు మాత్రము భేదము గలదు. ఫ్రీడిష్ ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున నుండుటచే ఆదవానిలోను, ఎమ్మిగనూరునందును పళ్లెములన్నియు ఆగ్నేయమునకే తిరిగి, 64 డిగ్రీల యెత్తున నొక్క బిందువునే చూచుచున్నవి. తెలుగువాడు, కన్నడిగుడు, ఉర్దూ మాటాడువాడు ఎవ్వడైనను పళ్లెపు దిక్కొక్కటే. కోరిక భేదము ఇంటిలోని మీటలోనికి జేరినది. మిద్దెపై గుఱుతు విడుచుట మానినది. 1975లో పడమటిని, పిమ్మట నలుదిక్కులను, నేడు ఆగ్నేయమును జూచు ఈ మూడు తరముల యాంటెన్నాలలో నడిమి తరము మాత్రమే ఇంటింటి యిచ్ఛను దిక్కుగా లిఖించినది.

కర్తవ్యము

అల్యూమినియము తూకమున కమ్ముడుపోవు లోహము. గొట్టము పందిరిగుంజగానో, బట్టలదండెమునకు నాధారముగానో మాఱుట సహజము. శాసనశిల యింటిమెట్టుగ మాఱినను అక్షరములు మిగులును. యాంటెన్నాను మిద్దెపైనుండి దింపిన క్షణమున దిక్కు నశించును. దిక్కు నశించినచో లిపిలో సగము నశించినట్లే. కావున దీనిని గుఱించిన పరిశోధన వస్తువును దాచుటతో గాక, వస్తువు స్థానమున నుండగానే వ్రాసికొనుటతో నారంభము కావలెను.

ఈ పని పాఠశాలల పండితులకు సాధ్యమైనది. విద్యార్థులచేత వీధివారీగా పట్టిక వ్రాయించి, గొట్టము మిగిలిన ప్రతియింటికిని పొట్టికడ్డీలు చూచు దిక్కు, ప్రధానపు కడ్డీ పొడవు, కడ్డీల సంఖ్య, గొట్టపు టెత్తు, కొండ యే వైపున నున్నది, ఇంటివారు చూచినట్లు చెప్పుకొను ప్రసారము, వారి యింటిభాష అను నేడు విషయములను గుర్తింపజేయవచ్చును. దిక్సూచియు, కొలబద్దయు దప్ప వేఱు పరికరము లక్కఱలేదు. ఎమ్మిగనూరున తూర్పుచూపులును, ఆదవానిలో పడమటి, ఉత్తరపు చూపులును అధికముగా దేలినచో పైని జెప్పిన దూరముల లెక్క దృఢపడును. అట్లు తేలనిచో భాషాభిమానము దూరమును జయించినదని యెంచవలసి యుండును. ఈ రెండింటిలో నేది సత్యమైనను సరిహద్దు సీమ చరిత్రలో నది యొక క్రొత్త యధ్యాయము. బొమ్మ వచ్చెనా యని మెట్లమీద నిలిచి మాట నందించిన పిల్లలు నేడు నడివయస్సు దాటినవారు. వారి జ్ఞాపకము లుండగానే ఈ పట్టికలు పూర్తియగుట యుక్తము.